క్లిప్ రివర్స్ చేస్తే ఆగి ఆగి వస్తోందా?

అన్నిటికంటే ముందు, రివర్స్ చేసిన క్లిప్పులో 5 సెకన్లు ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలును విడిగా ప్లే చేయండి. చాలామంది ఇది చూడకుండానే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటారు. దయచేసి ముందు ఇది చూడండి.

టైమ్‌లైన్‌లో ఆగుతోంది, ఎక్స్‌పోర్ట్ బాగుంది

కారణం కోడెక్, అంటే వీడియోను కుదించి ఫైలులో దాచే పద్ధతి. ఫోన్లు, చాలా కెమెరాలు రికార్డ్ చేసే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో పూర్తి బొమ్మ కీఫ్రేములోనే ఉంటుంది. మిగతా ఫ్రేముల్లో ఉండేవి ప్రధానంగా మార్పులే. 30 ఫ్రేములకు ఒక కీఫ్రేము ఉందనుకోండి. వెనక్కి ఆడాలంటే మొదట 30వది కావాలి, దానికి 1 నుంచి 30 దాకా విప్పాలి. తర్వాత 29వది, మళ్లీ 1 నుంచి. విప్పినవి మెమరీలో దాచుకోకపోతే మొత్తం 465 సార్లు ఫ్రేములు విప్పాలి. ముందుకైతే 30తో సరి. ముందుకు బాగా ఆడినంత మాత్రాన రివర్స్‌కు ఆ ఫైలు సరిపోయినట్టు కాదు.

ప్రాక్సీ (ఎడిటింగ్ కోసం చేసుకొనే తేలికపాటి నకలు) చేసినా తేడా లేదంటే, ఆ ప్రాక్సీ ఏ కోడెక్‌లో ఉందో చూడండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రిజల్యూషన్ తగ్గించి మళ్లీ హెచ్.264లోనే చేస్తే లెక్క అదే 465. ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండే ప్రోరెస్ ప్రాక్సీ గానీ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ గానీ ఎంచుకోండి. డావిన్చీ రిజాల్వ్‌లో అయితే మీడియా పూల్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి జనరేట్ ఆప్టిమైజ్డ్ మీడియా నొక్కండి. ప్లేబ్యాక్ మెనూలో దాన్ని వాడుకొనే టిక్ కూడా ఉండాలి.

అసలు ఫైలునే ప్రోరెస్ 422కు మార్చేస్తే 1080పీ, సెకనుకు 30 ఫ్రేముల దగ్గర నిమిషానికి సుమారు 1.1 జీబీ పడుతుంది. కాబట్టి రివర్స్‌కు కావలసిన ముక్క మాత్రమే కత్తిరించి మార్చండి.

ఎక్స్‌పోర్ట్‌లోనూ కుదుపు ఉంది

ఫోన్ క్లిప్ అయితే మీడియాఇన్ఫో అనే ఫైలు వివరాలు చూపే టూల్‌లో ఫ్రేమ్ రేట్ మోడ్ చూడండి. వేరియబుల్ (ఫ్రేముల వేగం మారుతూ ఉంటుంది) అని ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ (ఒకే వేగం) పెట్టి మార్చాకే టైమ్‌లైన్‌లోకి తేండి. పాత ఇంటర్‌లేస్డ్ టేపు ఫుటేజ్ (ఒక్కో ఫ్రేము బేసి, సరి గీతల రెండు సగాలుగా ఉండేది) అయితే ముందు డీఇంటర్‌లేస్ చేయండి.

మిగతావి

ప్రీమియర్ ప్రోలో వార్ప్ స్టెబిలైజర్ (వణుకు తగ్గించే ఎఫెక్ట్), స్పీడ్ మార్పు ఒకే క్లిప్ మీద పనిచేయవు. ఒకటి వేశాక నెస్ట్ చేసి (క్లిప్పును మరో సీక్వెన్స్‌గా చుట్టి) రెండోది వేయండి. మాటలు కూడా తిరగబడ్డాయా? రివర్స్‌కు ముందు ఆడియోను అన్‌లింక్ చేయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ (కమాండ్లతో నడిచే వీడియో టూల్) రివర్స్ ఫిల్టర్ మధ్యలో ఆగిపోతే మెమరీ చాలలేదు. అది క్లిప్ మొత్తాన్నీ ర్యామ్‌లో పెట్టుకుంటుంది, 1080పీ, సెకనుకు 30 ఫ్రేములైతే నిమిషానికి 5 జీబీ పైనే. ముక్కలు చేసి ఒక్కోటీ తిప్పి, చివరి ముక్క ముందు వచ్చేలా కలపండి.