రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత నొప్పి మందులను కలిపి వాడటం ఎలా?

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి డిశ్చార్జి నాడు రెండు మూడు రకాల నొప్పి మాత్రలు రాసి ఇవ్వడం మామూలే. పారాసెటమాల్, వాపు తగ్గించే ఇబుప్రోఫెన్ లేదా డైక్లోఫెనాక్, నొప్పి సంకేతాన్ని అణిచే ట్రమడాల్ తలా ఒక దారిలో పనిచేస్తాయి కాబట్టి, ఒక్క మందునే పెంచుకుంటూ పోవలసిన అవసరం తగ్గుతుంది. ఏది దేనితో కలవాలో డాక్టరు తేలుస్తారు. చీటీని పొరపాటు లేకుండా అమలు చేయడమే ఇంట్లో మన పని.

మొదట స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరిచి, బ్రాండు పేరు కాకుండా దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, మిల్లీగ్రాములు కాగితం మీద రాసుకోండి. ప్రమాదం దాగి ఉండేది అక్కడే. డోలో 650 రోజుకు నాలుగు వేసుకుంటే 2,600 మిల్లీగ్రాముల పారాసెటమాల్ అవుతుంది. దానికి తోడు అసెక్లోఫెనాక్‌తో 325 పారాసెటమాల్ కలిసిన మాత్ర రెండు పూటలా, ట్రమడాల్‌తో 325 కలిసిన మాత్ర మూడు పూటలా వేసుకుంటే మొత్తం 4,225కు చేరుతుంది. పెద్దవారికి రోజుకు గరిష్ఠ హద్దు 4,000. బరువు తక్కువున్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి ఇంకా తక్కువ.

ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ ఒకే కోవకు చెందినవి. వాటిలో ఒక్కటే, అదీ భోజనం తర్వాతే వాడాలి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచబరిచే మందులు ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

తర్వాత వేళలు రాసుకోండి. ఆపరేషన్‌లో ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ ప్రభావం పోయాక నొప్పి ఒక్కసారిగా లేస్తుంది కనుక, మొదటి రెండు మూడు రోజులు నొప్పి ముదిరేదాకా ఆగకుండా చీటీలోని వేళ ప్రకారం వేసుకోవడం మేలు. గోడ మీద వేళ్లతో పాకుతూ చేయి పైకెత్తే వ్యాయామానికి అరగంట నుంచి గంట ముందు ఒక మోతాదు పడేలా చూసుకుంటే వ్యాయామం తేలికై, చేయి బిగుసుకుపోదు.

ట్రమడాల్ మిగతావాటికి లొంగని నొప్పికే. దానితో మలబద్ధకం, మగత వస్తాయి. మద్యంతోనూ, నిద్రమాత్రలతోనూ, డాక్టరు చెప్పకుండా నరాల నొప్పి మందు ప్రీగాబాలిన్‌తోనూ కలిపితే శ్వాస మందగించవచ్చు. డిప్రెషన్ మందులు వాడుతుంటే తప్పక చెప్పాలి. నొప్పి తగ్గుతున్నప్పుడు సాధారణంగా ముందు దీన్ని, చివర పారాసెటమాల్‌ను మానతారు.

కీమోథెరపీ మొదలయ్యాక పారాసెటమాల్ వేసుకునే ముందు థర్మామీటరు పెట్టి చూడండి. మాత్ర జ్వరాన్ని కప్పేస్తుంది. 100.4 డిగ్రీలు దాటినా, గాయం ఎర్రబడి చీము కారినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

చంకలో, చేయి లోపలివైపు మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం అక్కడి నరం దెబ్బతిన్నప్పటి నొప్పి. మామూలు మాత్రలకు అంతగా తగ్గదు. ఓర్చుకోకుండా చెబితే గాబాపెంటిన్ వంటి వేరే మందు ఆలోచిస్తారు. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే హార్మోన్ మందు టామోక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి అప్పుడే గుర్తుచేయాలి, ఎందుకంటే నరాల నొప్పికి రాసే డులోక్సెటిన్ దాని పనిని కొంత తగ్గించవచ్చు.