కారు బ్యాటరీకి, ఎర్త్‌కు అదనపు కేబుళ్లు వేసుకోవడం ఎలా?

ఏసీ వేయగానే హెడ్‌లైట్ల వెలుగు తగ్గుతోందా? స్టార్టరు నీరసంగా తిరుగుతోందా? చాలామంది వెంటనే కొత్త బ్యాటరీ కొనేస్తారు. తొందరపడకండి, ముందు మల్టీమీటరు చేతిలోకి తీసుకోండి.

ఇంజను నడుస్తుండగా లైట్లు, ఏసీ వేసి, మీటరును డీసీ వోల్టులకు తిప్పండి. ఒక కొనను ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరిగి కరెంటు తయారుచేసే పరికరం) అవుట్‌పుట్ బోల్టుకు, రెండోదాన్ని బ్యాటరీ ప్లస్‌కు ఆనించండి. తర్వాత ఇంజను లోహానికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య అలాగే చూడండి. ఎక్కడ 0.2 వోల్టు దాటితే జబ్బు అక్కడే. ఎక్కువసార్లు అది ఎర్త్ వైపే, అంటే ఇంజను, బాడీల నుంచి బ్యాటరీ మైనస్‌కు వచ్చే దారిలోనే ఉంటుంది, జనం కొత్త కేబుల్ వేసేది మాత్రం ప్లస్ వైపు!

మీటరు పొడవున్న 10 చదరపు మి.మీ. రాగి కేబుల్‌లో 100 ఆంపియర్లు ప్రవహిస్తే దాదాపు 0.17 వోల్టు పోతుంది. 25 చ.మి.మీ. అయితే 0.07 మాత్రమే. రాగి పూసిన అల్యూమినియం చవకే కానీ, అదే లావులో నిరోధం ఎక్కువ. తీగను గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే వదిలేయండి.

ఇంజను ఆపి, తాళం తీసి, ముందు మైనస్ విప్పండి. ప్లస్ విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు నిప్పురవ్వలు రావు. బిగించేటప్పుడు మైనస్ చివరన. హైబ్రిడ్ కారులో నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకండి.

కొత్త కేబుళ్లు మూడు: ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ ప్లస్‌కు, మైనస్ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి. పాతవి తీయనక్కర్లేదు, వాటి పక్కనే వేయండి. ప్లస్ కేబుల్‌కు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు తప్పనిసరి. దాని రేటింగు కేబుల్ మోయగలిగిన కరెంటును మించకూడదు. మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీ కరెంటును కొలిచే చిన్న సెన్సారు డబ్బా ఉంటే, కొత్త ఎర్త్‌ను దానికి బాడీ వైపునే కలపండి. నేరుగా టెర్మినల్‌కు కలిపితే ఆ కరెంటు లెక్కలోకి రాదు.

అసలు పనితనం బాడీకి కలిపే చోట ఉంది. రూపాయి బిళ్లంత మేర పెయింటును ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. పళ్ల వాషరు వేసి లగ్గును (కేబుల్ కొనకు ఉండే లోహపు రింగును) గట్టిగా బిగించి, పైన వ్యాజలీన్ పూయండి. లగ్గును సుత్తితో కొట్టి నొక్కకండి, క్రింపింగ్ పనిముట్టే వాడండి. ఇంజను కదులుతుంది కాబట్టి ఆ కేబుల్‌ను కాస్త వదులుగా, సైలెన్సరు గొట్టానికి, బెల్టులకు దూరంగా వేయండి.

మళ్లీ అదే కొలత తీసుకోండి. ఇరవై నిమిషాలు నడిపి, ఇంజను ఆపి, లగ్గుల దగ్గరికి చేయి పోనివ్వండి. ఒకటి మాత్రం మిగతావాటికంటే వేడిగా తగిలితే దాన్ని కత్తిరించి కొత్తది వేయండి.