పుచ్చిన కిటికీ చట్రాన్ని బాగుచేయడం ఎలా?

గోదావరి జిల్లాల్లోని పాత మండువా ఇళ్ళ కిటికీలలో చట్రం మొత్తం పుచ్చిపోవడం అరుదు. నిలువు చెక్కల అడుగుభాగమూ వాటి కింది అడ్డచెక్కా ముందుగా పాడవుతాయి, ఎందుకంటే వాననీరు అక్కడ నిలుస్తుంది, చెక్క కొనలు దాన్ని పక్కల కంటే ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తాయి. జానెడు పుచ్చు కోసం చేవగల టేకు చట్రాన్ని పెరికించి ప్లాస్టిక్ కిటికీ పెట్టించడమూ, పుచ్చు మీద లప్పం మెత్తి రంగు వేయడమూ రెండూ తప్పే. లప్పం కింద తేమ చిక్కుకుని పుచ్చు లోలోపల సాగుతూనే ఉంటుంది.

పనిని ఎండాకాలంలోనే పెట్టుకోవాలి. రంపం, పదునైన ఉలి, సుత్తి, బిగించడానికి క్లాంపులు, ఎపాక్సీ జిగురు, గరుకు కాగితం చాలు. రెక్కలు విప్పి పాత రంగు గీకండి. మన దేశంలో ఇళ్ళ రంగులలో విషపూరితమైన సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) పరిమితి 2017 నవంబరులో అమలయింది, కాబట్టి అంతకు ముందటి రంగును తడిపి, మాస్కు కట్టుకుని మాత్రమే గీకాలి.

అసలు పని కోతలో ఉంది. ఉలి మొనతో చెక్కను పొడిచి పైకి లేపండి. గట్టి చెక్క పొడవైన పీచుగా లేస్తుంది, పుచ్చినది పొట్టి ముక్కలుగా విరుగుతుంది. గట్టి చెక్క తగిలిన చోటనే కోతకు గీత గీయకండి, మరో రెండంగుళాలు పైకి వెళ్ళండి, ఎందుకంటే చెక్కను పుచ్చబెట్టే శిలీంధ్రం కంటికి కనిపించే పుచ్చును దాటి లోపలికి పాకి ఉంటుంది. ఆ రెండంగుళాలకు ఆశపడినవారు కొన్నేళ్ళకే మళ్ళీ అదే కిటికీ విప్పవలసి వస్తుంది.

పాత గోడ బరువు కొంత చట్రం మీద ఉండవచ్చు గనుక, కోతకు ముందు పై చెక్క కింద ఊతకర్ర నిలబెట్టాలి. నిలువు చెక్కను అడ్డంగా కాక ఏటవాలుగా, గది వైపు ఎత్తుగా, బయటి వైపు పల్లంగా కోయాలి. ఈ వాలు తిరగబడితే అతుకులో చేరిన ప్రతి చుక్కా లోపలికే దిగుతుంది, ఎంత మంచి జిగురైనా దాన్ని ఆపలేదు. రంపాన్ని గీతకు వెంట్రుకవాసి ఇవతలే ఆపి, మిగిలినది ఉలితో చదును చేసి, కొత్త ముక్కను ఆనించి వెనుక దీపం పెట్టి చూడండి. వెలుగు కనిపిస్తే ఇంకా చెక్కాలి.

కొత్త ముక్క పాత టేకుదే కావాలి, దాని నార నిలువుగా నడవాలి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికే రెండు ముఖాలనూ నూనెను తొలగించే అసిటోన్ అనే ద్రావకంతో తుడిచి, ఆరిన వెంటనే ఎపాక్సీ పూసి, రాత్రంతా బిగించి ఉంచండి. ఇనుప మేకులు తుప్పు పట్టి చెక్కను పాడుచేస్తాయి, అందుకే చెక్క మేకులే కొట్టాలి.

కింది అడ్డచెక్క పైభాగం బయటికి వాలుగా ఉండాలి, దాని అడుగున నీరు గోడకు చేరకుండా సన్నని గాడి తీయాలి. చివరగా ప్రైమరు, రెండు పూతల రంగు వేయండి. గోడకూ చట్రానికీ మధ్య సందును సిమెంటుతో కాక సున్నం, ఇసుకలతో నింపండి.