టీ రుచి చూద్దాం - 4వ పాఠం: శరత్కాలపు టీలు, వాటికి మార్కులు

మూడు పాఠాలుగా ఉత్త టీతోనే సరిపెట్టుకున్నాం. వగరు ఏదో చేదు ఏదో, డికాషన్ పలచనో చిక్కనో చెప్పడం ఈపాటికి మీకు వచ్చి ఉండాలి. రాకపోతే మళ్ళీ రెండో పాఠం దగ్గర మొదలుపెట్టండి, సిగ్గేం లేదు. ఈసారి ‘ఆటమ్’ (శరత్తు) పేరుతో అమ్మే మసాలా టీలు, అంటే కప్పులోకి దాల్చినచెక్క వస్తోంది. అది వచ్చాక టీ సంగతి పట్టుకోవడం కష్టం. టీపొడి నాసిరకమైతే అల్లం కాస్త ఎక్కువ దంచి పడేస్తే సరిపోతుందని మన టీ బంకుల వాళ్ళందరికీ తెలుసు. ప్యాకెట్లు అమ్మే కంపెనీలకూ తెలుసు. ఆ ఘాటు కింద టీ ఉందా లేదా అని కనిపెట్టడమే ఈ పాఠం పని.

ముందు ఈ ‘ఆటమ్’ ఎవరిదో చూద్దాం. మన శరత్తు ఆశ్వయుజ, కార్తీకాలు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఆ రోజుల్లో ఈశాన్య రుతుపవనాల వాన, బంగాళాఖాతంలో వాయుగుండం, ఆరని బట్టలు. ప్యాకెట్ మీద ఎర్రటి ఆకుల బొమ్మతో వచ్చేది అమెరికా, కెనడాల శరత్తు. అక్కడ ఆపిల్, గుమ్మడి చేతికొచ్చే కాలం. అందుకే ఆ రుచులు: ఆపిల్-దాల్చినచెక్క, మేపుల్ (ఆ పేరు గల చెట్టు రసం కాచి చేసే తియ్యటి పాకం), పంప్కిన్ స్పైస్. ఈ చివరిదాంట్లో గుమ్మడికాయ ఉండి తీరాలని లేదు. గుమ్మడి తీపి వంటకంలో వేసే మసాలా అది: దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగం. స్టార్‌బక్స్ 2003లో ఆ మసాలాతో కాఫీ పెట్టాక దాని పేరు మార్మోగింది. ఆ దినుసులన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి కాబట్టి ముక్కుకు కొత్త పాఠం అక్కర్లేదు.

కొత్తగా అనిపించేది మేపుల్ ఒక్కటే. దానికీ మనింట్లో దారి ఉంది. మెంతుల్లో ఉండే సోటోలాన్ అనే పదార్థం వాసన అచ్చం మేపుల్ పాకం వాసనే. బజారులో దొరికే నకిలీ మేపుల్ పాకాల్లో మెంతి సారం వాడటం మామూలే. ఒక చెంచా మెంతులు సన్నసెగ మీద వేయించండి. పచ్చి వాసన పోయి, చేదు వాసన ఇంకా రాకముందు, ఒక అరనిమిషం తియ్యటి వాసన వస్తుంది. అప్పుడే దించి, మూకుడు మీదికి వంగి పీల్చండి. పక్కన చిన్న బెల్లం ముక్క పెట్టుకుని ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ వాసన చూస్తే ఇంకా బాగా పట్టుబడుతుంది. ఇక ఎప్పుడు మేపుల్ టీ తాగినా మీకు మెంతులు గుర్తొస్తాయి, కాస్త ఇబ్బందిగా కూడా ఉంటుంది. అయినా ఫరవాలేదు.

దాల్చినచెక్కలో కూడా తేడా చూడండి. మన కొట్లలో ఎక్కువగా అమ్మేది కాసియా: మందంగా, గరుకుగా ఉండే బెరడు, వాసన గుచ్చుతుంది. సిలోన్ చెక్క పొరలు పొరలుగా చుట్టుకుని, వేలితో నలిపితే విరిగిపోతుంది, వాసన మెత్తన.

ఇంకొకటి, డార్జిలింగ్ శరత్కాలపు టీని ఈ మసాలా టీలతో కలిపి చూడకండి. డార్జిలింగ్‌లో వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో కోసే ఆకును ‘ఆటమనల్’ అంటారు. దాంట్లో ఏ సువాసనా చేర్చరు. డికాషన్ రాగి రంగులో ఉంటుంది, వసంతపు ఆకుకున్న చురుకు ఉండదు, రుచి గుండ్రంగా ఉంటుంది. అది ఉత్త టీ, దానికి రెండో పాఠంలోని పట్టికే వాడండి.

ఇక పని. టీ రుచి పోల్చడానికి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) పెట్టిన 3103 అనే ప్రమాణం ఉంది: 100 మిల్లీలీటర్ల నీళ్ళకు 2 గ్రాముల పొడి, 6 నిమిషాలు. అది కమ్మటి టీ కాచే పద్ధతి కాదు, తప్పులు బయటపెట్టే పద్ధతి. కాబట్టి వగరు ఎక్కువైందని గొణగొద్దు. వంటింటి కాటా ఉంటే తూచండి. అన్ని కప్పులూ తెల్ల పింగాణీవే కావాలి, స్టీలు గ్లాసులో రంగు తెలియదు. బోరు నీళ్ళు వాడొద్దు. కఠినజలంలోని సున్నం టీతో కలిసి పైన మీగడలా తెట్టు కడుతుంది, రుచి చప్పబడుతుంది. రోజూ తాగే వాటర్ క్యాన్ నీళ్ళే అన్ని కప్పులకూ పోయండి. ఒకేసారి మూడు రకాలకు మించొద్దు, నాలుక మొద్దుబారుతుంది. కప్పుకూ కప్పుకూ మధ్య నాలుగు ఉప్పు లేని బొరుగులు, ఒక గుక్క గోరువెచ్చటి నీళ్ళు. గోంగూర పచ్చడితో అన్నం తిన్నాక రెండు గంటల దాకా ఈ పని ముట్టుకోకండి.

ఇప్పుడు అసలు కిటుకు. ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా మూసి, ఒక చెంచా టీ సర్రున జుర్రి నోరంతా తిప్పండి. వాసన దారి మూసుకుపోయింది కాబట్టి ఆపిల్, మేపుల్, వెనీలా ఏవీ తెలియవు. మిగిలేవి తీపి, పులుపు, చేదు, వగరు. శొంఠి మంట, లవంగం తిమ్మిరి మాత్రం ముక్కు మూసినా తెలుస్తాయి, ఎందుకంటే అవి వాసనలు కావు, నోటికి తగిలే స్పర్శలు. ఇప్పుడు వేళ్ళు వదలండి. గుప్పున వచ్చిందే చూశారూ, టీ సొంత వాసన కొంత ఉన్నా అందులో ఎక్కువ కంపెనీ చేర్చిన సరుకే. వదలకముందు తెలిసిన వగరూ చేదూ ఎక్కువగా టీవి. ముక్కు మూసినప్పుడు ఉత్త వేడినీళ్ళలా ఉంటే ఆ ప్యాకెట్‌లో మీరు డబ్బు పెట్టింది వాసనకే.

మార్కులు మొత్తం 20. పొడి వాసనకు 2, అంతకంటే ఇవ్వకండి. ప్యాకెట్ విప్పగానే మైమరిపించడానికే సువాసన నూనె చల్లుతారు. వేడి కప్పుకు 5: మసాలా టీతో పొసిగిందా, మీదపడి తొక్కేసిందా? గోరువెచ్చగా అయ్యాక ముక్కు మూసి చూసేదానికి 7. పూర్తిగా చల్లారాక 6. చల్లారాక దేనికి అంటారా? వేడి మీద అన్నీ బాగానే ఉంటాయి. మన చేపల పులుసు అసలు రుచి మర్నాడు తేలినట్టు, ఈ టీల గుట్టు అరగంట తర్వాత బయటపడుతుంది. కృత్రిమ సువాసన మోతాదు మించితే సబ్బు వాసనో మందు వాసనో అప్పుడే తేలుతుంది.

నోటుపుస్తకంలో ఇలా రాయండి:

“2వ కప్పు, ఆపిల్-దాల్చినచెక్క. పొడి: తియ్యటి వాసన, 2. వేడిగా: గుప్పుమంది, నోట్లోకి వెళ్ళాక చెక్క తప్ప ఇంకేం లేదు, 3. ముక్కు మూస్తే: నీళ్ళు. వగరు నాలుక అంచులకు కూడా తగల్లేదు, 2. చల్లారాక: సబ్బు వాసన, చివర్లో చేదు, 1. మొత్తం 8.”

వాసన ఒక్కటే చూసి ఉంటే దీనికే మొదటి బహుమతి వచ్చేది. ‘బాగుంది’, ‘సూపర్’ అని మాత్రం రాయకండి. నెల తర్వాత చదివితే మీకే ఏమీ అర్థం కాదు.

నిల్వ గురించి ఒక్క మాట. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, టీపొడి తేమనూ వాసననూ ఇట్టే పీల్చుకుంటుంది. విప్పిన ప్యాకెట్‌ను బిగుతు మూత డబ్బాలో పెట్టి, ఇంగువకూ ఎండుచేపలకూ దూరంగా ఉంచండి. లేకపోతే మీరు మార్కులు వేసేది వాటికి.

ఇంటిపని: మామూలు టీపొడి ఒకటి, మసాలా చేర్చినవి రెండు తెచ్చుకోండి. ఇంట్లో ఎవరితోనైనా కప్పుల అడుగున నంబర్లు అంటించమనండి, ఏది ఏదో మీకు చెప్పొద్దనండి. మార్కులు వేశాకే కప్పులు తిరగేయండి. మర్నాడు వరస మార్చి మళ్ళీ చేయండి. రెండు రోజుల మార్కుల మధ్య తేడా 3 దాటితే మూడో రోజూ చేయాల్సిందే. పాలు, పంచదార ఇప్పుడే కలపకండి. పాలలోని ప్రోటీన్ వగరును పట్టేసుకుంటుంది, దాంతో మనం చూడాల్సిందే మాయమవుతుంది. పాలటీకి వేరే పట్టిక ఉంది, అది 5వ పాఠంలో.