ఆషాఢం అమ్మకాలకు వెళ్తున్నారా? కిందికి వంగకండి

ఒక వీడియో ఈ మధ్య అందరి ఫోన్లలో తిరుగుతోంది. బట్టల దుకాణం షట్టరు మోకాలి ఎత్తుకు లేవగానే ముందు వరసలోని ఆడవాళ్ళు వంగి దాని కింద నుంచి లోపలికి దూరుతుంటారు. వెనకవాళ్ళకు ఆ వంగడం కనిపించదు. ముందు చోటు దొరికిందనుకుని తోస్తుంటారు. ఏ ఊరిదో అందులో లేదు. ఎవరికీ దెబ్బ తగిలినట్టు లేదు కాబట్టి నవ్వు బొమ్మలు తగిలించి పంపుకుంటున్నారు. అలాంటి షట్టరుకు లోపలివైపు నిలబడి చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాను. నాకు నవ్వు రాలేదు.

చీర కోసం ప్రాణాల మీదికి వస్తుందా అనేవాళ్ళు కొన్ని తేదీలు గుర్తు తెచ్చుకోవాలి. 2004 ఏప్రిల్‌లో లక్నోలో చీరలు పంచుతున్నచోట ఇరవై మందికి పైగా చనిపోయారు. 2023 జనవరి 1న గుంటూరులో సంక్రాంతి కానుకలు పంచేచోట ముగ్గురు ఆడవాళ్ళు పోయారు. నెల తిరిగిందో లేదో, ఫిబ్రవరి 4న తమిళనాడులోని వాణియంబాడిలో ఉచిత చీరల టోకెన్ల దగ్గర నలుగురు పెద్దవయసు ఆడవాళ్ళు పోయారు. అవన్నీ ఊరికే ఇచ్చేవి, మనం డబ్బు పెట్టి కొనుక్కునేవాళ్ళం కదా అంటారేమో. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో పది రూపాయలకు చీర అన్నప్పుడు వచ్చినవాళ్ళూ కొనుక్కునేవాళ్ళే. ఆ తోపులాటలో గాయపడినవాళ్ళున్నారు, మెడలో గొలుసు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

2026లో జ్యేష్ఠం అధికమాసంగా వచ్చింది కాబట్టి ఆషాఢం జూలై నడిమికి జరిగింది. అది ముగియగానే శ్రావణం, వరలక్ష్మీ వ్రతం, పెళ్ళిళ్ళు. మొదటి రెండు రోజులూ చివరి వారమూ దుకాణాల్లో ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ధర పెంచి తగ్గించడం, రంగు పోవడం, పర్సు జాగ్రత్త, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. నా కళ్ళముందు మనుషుల్ని పాడుచేసిన పొరపాటు ఒక్కటే ఉంది. గుంపులో కిందికి వంగడం. చెప్పు ఊడిందని, ఫోను జారిందని, చేతిలోని చీర కిందపడిందని వంగడం.

ఎందుకంత ప్రమాదమో చెబుతాను. తొక్కిసలాట అనే మాట వల్ల మనకు కాళ్ళ కింద పడి నలిగిపోవడమే గుర్తుకొస్తుంది. నిజానికి చాలామంది చనిపోయేది ఊపిరాడక. ఛాతీ చుట్టూ మనుషులు బిగుసుకుపోతే గాలి పీల్చడానికి పక్కటెముకలకు చోటుండదు. 2022 అక్టోబరులో దక్షిణ కొరియా రాజధానిలోని ఇటేవాన్ సందులో 159 మంది పోయారు. వాళ్ళలో చాలామందిని బలిగొన్నది ఇదే. చదరపు మీటరుకు ఐదుగురు దాటితే గుంపు ప్రమాదంలో పడినట్టే. ఆరేడుగురైతే ఇక మీ కాళ్ళు మీ మాట వినవు, అల వచ్చినట్టు అందరూ ఒకేసారి ఊగుతారు. అలాంటిచోట వంగిన మనిషి తల పక్కవాళ్ళ నడుము ఎత్తున ఉంటుంది, చేతులు నేల మీద ఉంటాయి, ఛాతీకి అడ్డు ఉండదు. వెనకామెకు ఎదురుగా మనిషి ఆనవాలే కనిపించదు. ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలోకి ఆమె వచ్చి పడుతుంది, ఆమె మీద ఇంకొకరు.

బయలుదేరే ముందు

వంగాల్సిన అవసరాన్ని ఇంట్లోనే తీసేయాలి. మొదట కాళ్ళు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ బూట్లు గానీ వేసుకోండి. జారుడు చెప్పులు వద్దు. నేను చూసిన వంగుళ్ళలో సగానికి పైగా చెప్పు కోసమే. సాయంత్రం దుకాణం కట్టేశాక మెట్ల దగ్గర ఊడ్చి కుప్ప పెడితే అందులో జత కుదరని చెప్పులే ఉండేవి. వాటి కోసం తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ.

చీర కట్టుకుంటే కుచ్చిళ్ళు కాస్త పైకి పెట్టి, కొంగు నడుం చుట్టూ తిప్పి పిన్నీసు పెట్టుకోండి. చున్నీ మెడకు చుట్టుకోవద్దు. రెండు కొసలూ ఒకవైపు నడుము దగ్గర ముడివేయండి, లేదా ఇంట్లో వదిలేయండి. నల్లపూసలు, గొలుసులు ఇంట్లో పెట్టండి. పుస్తెలతాడు తీయమని నేను చెప్పను, చెప్పినా తీయరు. దాన్ని రవిక లోపలికి వేసుకుని పిన్నీసుతో పట్టించండి. చేతిసంచీ బదులు ఒంటికి అడ్డంగా వేసుకునే చిన్న జిప్పు సంచీ చాలు, ఫోను అందులోనే. చేతులు రెండూ ఖాళీగా ఉండాలి.

పిల్లల్ని తీసుకెళ్ళకండి.

షట్టరు దగ్గర

తెరిచే వేళకు వెళ్ళకండి. సరుకంతా పొద్దున్నే పరిచేస్తారని, ఆలస్యమైతే ఏరగా మిగిలినవే దక్కుతాయని అందరూ అనుకుంటారు. మేము ఎప్పుడూ అలా పరవలేదు. బట్టల బేళ్ళు ఒక్కొక్కటిగా విప్పుతూ పోయేవాళ్ళం, మధ్యాహ్నం భోజనాలయ్యాక కొత్త బేళ్ళు దిగేవి. మూడు గంటలకు నెమ్మదిగా వచ్చిన ఆవిడ పొద్దున ఎనిమిదికి ఎండలో నిలబడిన ఆవిడ కంటే మంచి చీర పట్టుకెళ్ళడం రోజూ చూసేవాళ్ళం. ప్రకటనలో పెద్దక్షరాలతో వేసిన కారుచౌక చీర సంగతి వేరు. అది ముందువచ్చిన కొద్దిమందికే. దాని కిందే చిన్న అక్షరాల్లో సరుకు ఉన్నంతవరకు అని ఉంటుంది, చదవండి.

తప్పనిసరిగా ఆ వేళకే వెళ్ళాల్సి వస్తే గుంపు మధ్యలో ఉండకండి. అంచున ఉండండి. అంచున అంటే గోడకు ఆనుకుని కాదు, ఇనుప కమ్మీలను పట్టుకుని అసలే కాదు. ఒత్తిడి వచ్చినప్పుడు అటువైపు తప్పుకోవడానికి చోటుండదు. 2025 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ గుడిలో తొమ్మిది మంది పోయినప్పుడు కూలింది మెట్ల దగ్గర కమ్మీయే. ఏకాదశి రోజున అంత జనం, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ దారి ఒకటే. మీరు వెళ్ళే దుకాణానికి రెండో ద్వారం ఎక్కడుందో లోపలికి అడుగుపెట్టే ముందే అడిగి తెలుసుకోండి.

షట్టరు సగం లేచినప్పుడు వంగి దూరకండి. పూర్తిగా లేచేదాకా నిలబడి ఉండండి. ముందున్న నలుగురు దూరినా సరే.

లోపల

చీర కుప్పల దగ్గర జరిగేది ఇది. పైనుంచి ఒకరు లాగుతారు, కింద నుంచి ఒకరు లాగుతారు, ఏదో ఒకటి జారి కాళ్ళ మధ్య పడుతుంది. అప్పటిదాకా ఎవరికీ పట్టని ఆ చీర కిందపడగానే ఇద్దరికి కావాల్సి వస్తుంది. ఒక ఏడాది మా అంతస్తులో ఒకావిడ, దర్జీపని చేసుకునే మనిషి, అలా పడిన జాకెట్టు ముక్క కోసం వంగింది. ఆకుపచ్చ మీద వంకాయరంగు అంచు ముక్క. మేము బల్ల ఎక్కి కేకలు వేసి అందరినీ వెనక్కి జరిపేసరికి ఆమె కుడి మణికట్టు విరిగింది. ముక్క మాత్రం చేతిలోనే ఉంది. శ్రావణం అంటే దర్జీలకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం. ఆ శ్రావణమంతా ఆమె మిషను మీద గుడ్డ కప్పే ఉంది.

అందుకే మళ్ళీ చెబుతున్నాను. కిందపడింది పోయినట్టే లెక్క. కాలికి తగిలితే మెల్లగా పక్కకు జరపండి, వంగకండి.

ఈ మధ్య పాత పట్టుచీరల అమ్మకాలు కూడా కల్యాణమండపాల్లో పెడుతున్నారు. నేనూ వెళ్తుంటాను, అమ్మమ్మల కాలపు వెంకటగిరి, ధర్మవరం చీరల మీద ఇష్టంతో. అక్కడ కుప్పలోంచి లాగడం మరీ చేటు. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత మీదే చిట్లుతుంది. రెండు వైపుల నుంచి లాగితే చేతికి సగం చీర వస్తుంది. గద్వాల చీరలో ఒళ్ళు నూలుది, అంచూ కొంగూ పట్టువి. అవి కలిసేచోట అతుకు విడిపోయిందేమో వేలితో తడిమి చూడండి. చీరను పక్కకు తెచ్చుకుని, వెలుతురుకు ఎదురుగా పట్టి, మడతలన్నీ తిప్పి చూశాకే ధర మాట్లాడండి. జరీ నల్లబడిందని పారిపోకండి. వెండి జరీ అలాగే నల్లబడుతుంది. పాతవాటిలో అది మంచి గుర్తే కావచ్చు. ఇవన్నీ చూడాలంటే చోటు కావాలి. చోటు లేకపోతే ఆ చీర చూడనట్టే, చూడని చీర కొనకండి.

ఎస్కలేటరు మీద కొంగు, కుచ్చిళ్ళు పైకి పట్టుకోండి, పసుపుగీత దాటి పక్క గోడకు ఆనవద్దు. పైన గుంపుంటే ఎక్కనే వద్దు. దిగడానికి చోటు లేకపోయినా ఆ మెట్లు మిమ్మల్ని తెచ్చి అక్కడే దింపుతాయి.

ఇక వరసగా చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

నేల మీది పలకలు చూడండి. రెండడుగుల పలకలు మూడు కలిస్తే ఇంచుమించు చదరపు మీటరు. ఆ మూడింటి మీద ఐదుగురు నిలబడి ఉంటే బయటికి దారి చూసుకోండి. పలకలే కనిపించకపోతే లెక్క అక్కర్లేదు, అప్పుడే కదలండి.

బరువైన సంచులు మోస్తూ ఇంకో కౌంటరుకు వెళ్ళకండి.

తోపుడు మొదలైతే చేతులు రెండూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి. ఊపిరికి ఆ జానెడు చోటే ఆధారం. కేకలు వేసి ఊపిరి వృథా చేసుకోకండి.

వచ్చే ఒత్తిడికి ఎదురు నిలబడకండి. అది నెట్టినంతసేపూ దానితో పోండి. సడలిన క్షణంలో ఏటవాలుగా అంచువైపు రెండడుగులు వేయండి. మళ్ళీ నెట్టితే మళ్ళీ ఆగండి.

చెప్పు ఊడిందా, వదిలేయండి. రెండోదీ విప్పేయండి, ఒంటి చెప్పుతో నిలదొక్కుకోలేరు.

ఫోను పడిందా, వదిలేయండి. వంగకండి.

అత్తగారిని గానీ అమ్మను గానీ కుర్చీలో కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తానని చెప్పి వెళ్ళకండి. ఇంట్లో ఉంచి వెళ్ళండి, వీడియో కాల్‌లో చీర చూపించండి.

విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోండి. అది దుకాణం బయట ఉండాలి, రోడ్డుకు అవతల ఉంటే ఇంకా మంచిది. లోపల ఒకరినొకరు వెతుక్కోకండి.

పడిపోతే లేవడానికి మొదటి క్షణంలోనే ప్రయత్నించండి. లేవలేకపోతే పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు ఛాతీకి దగ్గరగా ముడుచుకుని, చేతులతో తల కప్పుకోండి. వెల్లకిలా పడుకోవద్దు, బోర్లా అసలే వద్దు.

పక్కనే ఇంకొకరు పడిపోతే? మనసు ఊరుకోదు, తెలుసు. అయినా ఒక్కరే వంగకండి. రెండోవారు పడటం ఎప్పుడూ అలాగే చూశాను. అటూ ఇటూ ఉన్న ఇద్దరు ముగ్గురి చేతులు పట్టుకుని, పడిన మనిషి చుట్టూ అడ్డుగా నిలబడి, మొహం వెనక్కి తిప్పి వెనక్కి జరగమని అరవండి. ముందు ఏం జరిగిందో వెనకవాళ్ళకు తెలియదు. ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. కేక వేయాల్సిన చోటు ఇదొక్కటే. తోపుడు ఆగాక లేపండి.

ఊపిరి అందనివాళ్ళ చుట్టూ మూగకండి. 108కి ఫోను చేయండి, పోలీసులకు 112.

దుకాణం సిబ్బంది ఆగమంటే ఆగండి. వాళ్ళ మీద అరవకండి, వాళ్ళు పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నారు.

బిల్లు కట్టాక తిరిగి లోపలికి వెళ్ళకండి. ఒక్కసారి చూసి వస్తాను అన్నవాళ్ళే గంటకు పైగా ఇరుక్కున్నారు.

ఇంటికి వచ్చి విప్పి చూస్తే చిరుగు కనిపించిందా? మర్నాడు పొద్దున్నే అదే గుంపులోకి పరుగెత్తకండి. బిల్లు దాచి, చిరుగు ఫోటో తీసి, దుకాణానికి ఫోను చేసి చెప్పి, మంగళవారం మధ్యాహ్నం వెళ్ళండి. ఆ రోజు కొత్తబట్టలు కొనకూడదనే పట్టింపు చాలా ఇళ్ళలో ఉంది కాబట్టి కౌంటర్లు తెరిపిగా ఉంటాయి. లోపమున్న సరుకునైనా వెనక్కి తీసుకునేది లేదని గోడ మీది బోర్డు చూపిస్తే వాదనకు దిగకండి, బయటికి వచ్చి వినియోగదారుల సహాయ నంబరు 1915కు చెప్పండి.