సొంతంగా గిటార్ పెడళ్లు చేసుకోవాలంటే ఏవి ఎంచుకోవాలి, దేంతో మొదలుపెట్టాలి?

తిరుపతి, చిత్తూరు వైపు గిటార్ వాయించేవాళ్లకి ఒకే రకం పాటలతో సరిపోదు. ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధన పాటలు, ముహూర్తాల నెలల్లో రిసెప్షన్ ఆర్కెస్ట్రాలు, జాతర రోజుల్లో ఊరి మధ్య స్టేజీ, ఎప్పుడైనా కాలేజీ ఫెస్టులో రాక్. అన్నమయ్య కీర్తనతో మొదలై మాస్ పాటతో ముగిసే ప్రోగ్రాములు మనకి మామూలే. గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెడళ్లు ఇన్నిటికీ పనికొచ్చేవన్నీ కొనాలంటే చాలా ఖర్చు. ఎలక్ట్రానిక్స్ మీద కాస్త ఇష్టం ఉన్నవాళ్లు అందుకే సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటారు.

అయితే ఏ సర్క్యూట్ చేయాలన్నది తేల్చుకోకుండా మొదలుపెడితే డబ్బూ, టైమూ రెండూ పోతాయి. శబ్దాన్ని చిరిగేలా చేసే పేరున్న డిస్టార్షన్ సర్క్యూట్లు మూడు నాలుగు చేసి, మెలోడీ పాటకి కావలసిన డిలే (ప్రతిధ్వని ఇచ్చేది) ఒక్కటీ లేని పెడల్ బోర్డులు చాలా ఉన్నాయి. ప్రతి పెడల్ విషయంలో నేను రెండే ప్రశ్నలు వేసుకోమంటాను. బోర్డు మీద ఇంకే పెడలూ చేయలేని పని ఇది చేస్తుందా? చెడిపోతే దీన్ని నేనే, ఇక్కడే బాగుచేసుకోగలనా? రెండిటికీ అవునని చెప్పగలిగితేనే చేయండి.

ముందు పాటల జాబితా రాయండి

గత కొన్ని నెలల్లో స్టేజీ మీద నిజంగా వాయించిన పాటలు కాగితం మీద రాయండి. ఒక్కో పాట పక్కన గిటార్ ఎలా వినిపించాలో మామూలు మాటల్లోనే పెట్టండి: శుభ్రంగా, కాస్త కరుగ్గా, బాగా చిరిగినట్టు, ప్రతిధ్వనితో, ఊగుతున్నట్టు. రాసేసరికి అవసరాలు నాలుగైదుకి మించవని తెలుస్తుంది. చాలామందికి వాల్యూమ్ పెంచే ఒక బూస్టర్, కాస్త కరుకుదనం ఇచ్చే ఒక ఓవర్‌డ్రైవ్, దానికంటే గట్టిదైన డిస్టార్షన్ లేదా ఫజ్, ఒక డిలే, శబ్దాన్ని ఊగించే ఒక మాడ్యులేషన్ పెడల్ ఉంటే చాలు. ఆ ఐదూ చేతిలోకి వచ్చాకే ఆరోదాని గురించి ఆలోచించండి.

విడిభాగాలు దొరుకుతాయా?

బీసీ 547, బీసీ 549 ట్రాన్సిస్టర్లు, టీఎల్ 072, 4558 ఐసీలు, 1ఎన్ 4148 డయోడ్లు రేడియో, యాంప్లిఫైయర్ రిపేరు చేసేవాళ్లు వాడే మామూలు సరుకే. స్థానికంగా దొరకనివాటికి మన అదృష్టం కొద్దీ రెండు పెద్ద మార్కెట్లు దగ్గరలోనే ఉన్నాయి. తిరుపతి నుంచి రైలెక్కితే చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్లి రావచ్చు. చిత్తూరు వాళ్లకి బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అందుబాటులోనే ఉంటుంది. మూడు కాళ్ల వరుసలతో తొమ్మిది పిన్నులుండే 3పీడీటీ ఫుట్‌స్విచ్, డైకాస్ట్ అల్యూమినియం బాక్సు లాంటివి మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే మేలు.

ఒక సర్క్యూట్ నచ్చితే ముందు దాని విడిభాగాల పట్టిక చూడండి. ఎల్ఎం 308, సీఏ 3080 లాంటి పాత ఐసీలు కనబడితే కాస్త ఆగండి. వాటి తయారీ ఆగిపోయింది, మార్కెట్లో నకిలీలు తిరుగుతున్నాయి. జే 201 అనే ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఇప్పుడు ఎక్కువగా బోర్డు మీద అతికించే చిన్న సైజులోనే వస్తోంది, కొత్తవాళ్ల చేతికి అది లొంగదు. కిట్ కొన్నా ఇదే జాగ్రత్త. ఐసీకి బేస్ (ఐసీని గుచ్చే సాకెట్) ఇచ్చారా, సర్క్యూట్ డయాగ్రం పూర్తిగా ఇచ్చారా అని చూడండి. డయాగ్రం లేని కిట్‌ని బిగించడం వస్తుందేమో గానీ, రేపు చెడిపోతే బాగుచేయడం రాదు.

మొదటి పెడల్: బూస్టర్

ఎలక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ 1960ల చివర్లో తెచ్చిన ఎల్‌పీబీ-1 తరహా బూస్టర్‌తో మొదలుపెట్టండి. ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక వాల్యూమ్ పాట్ (తిప్పే కంట్రోల్). అంతే సర్క్యూట్. జీరో పీసీబీ (బెజ్జాలున్న ఖాళీ బోర్డు) మీద ఒక్క సాయంత్రంలో అవుతుంది. ఇంత చిన్నదైనా సోలో వచ్చినప్పుడు గిటార్‌ని ముందుకు తెచ్చేది ఇదే.

ఇందులో తెలుసుకోవలసింది చాలా ఉంది. డిజైన్లో 2ఎన్ 5088 అని ఉండి, మీ దగ్గర బీసీ 549 ఉంటే అది కూడా పనిచేస్తుంది, కానీ కాళ్ల వరుస తారుమారు. చదును ముఖం మీవైపు పెట్టి ఎడమ నుంచి చదివితే బీసీ 549కి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్ 5088కి ఎమిటర్, బేస్, కలెక్టర్. కాబట్టి బీసీ 549ని వెనక్కి తిప్పి పెట్టాలి. సోల్డర్ అయ్యాక గిటార్ గుచ్చకముందే 9 వోల్టుల బ్యాటరీ పెట్టి, మల్టీమీటర్ నల్ల వైరు గ్రౌండ్‌కి, ఎర్ర వైరు కలెక్టర్‌కి ఆనించండి. 4 నుంచి 6 వోల్టుల మధ్య కనబడితే సర్క్యూట్ ప్రాణంతో ఉన్నట్టే. 9 చూపిస్తే ట్రాన్సిస్టర్ కరెంట్ తీసుకోవడం లేదు: బేస్ దగ్గర సోల్డర్ పట్టలేదు, లేదా కాళ్లు తప్పుగా పడ్డాయి. దాదాపు సున్నా అయితే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా రెసిస్టర్ రంగులు తప్పుగా చదివారు. ఈ ఒక్క కొలత అలవాటైతే తర్వాతి పెడళ్లలో తప్పు ఎక్కడుందో వెతకడం సగం సులువవుతుంది.

ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్ ఒకేలా ఉండకూడదు

నా ఉద్దేశంలో బోర్డు మొత్తంలో ముఖ్యమైన నిర్ణయం ఇదే. ఓవర్‌డ్రైవ్‌గా ట్యూబ్ స్క్రీమర్ అనే పేరున్న పెడల్ తరహా సర్క్యూట్ తీసుకోండి. 4558 ఐసీ, రెండు డయోడ్లు దీనికి ప్రాణం. బేస్ (కింది స్థాయి శబ్దం) కాస్త తగ్గించి, 700 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్‌ని (మధ్య స్థాయి శబ్దాన్ని) పైకి లేపుతుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే కాస్త ముక్కుతో పాడినట్టు అనిపించి చాలామందికి నచ్చదు. కానీ మన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు ఒకటి కాదు, రెండు ఉంటాయి. దానికి తోడు ప్యాడ్స్, డోలు. బేస్ అంతా వాళ్లదే. ఆ రద్దీలో గిటార్ వినబడేది ఆ మిడ్ వల్లే.

బిగ్ మఫ్ అనే పెడల్ తరహా ఫజ్ సరిగ్గా దీనికి ఎదురు. నాలుగు ట్రాన్సిస్టర్లతో తీగలాగా సాగే శబ్దం ఇస్తుంది, కానీ మామూలు టోన్ అమరికలో మిడ్ లోపలికి పోతుంది. కీబోర్డు మోగుతుంటే గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. అది నచ్చి చేసుకుంటే మిడ్ పెంచే మార్పుతో ఉన్న డిజైనే తీసుకోండి. ర్యాట్ అనే పెడల్ తరహా డిస్టార్షన్ మధ్యరకంగా ఉంటుంది. అసలు డిజైన్లో ఎల్ఎం 308 ఉన్నా, తర్వాతి కాలంలో దాన్ని తయారుచేసే కంపెనీయే ఓపీ 07 వాడింది. కాబట్టి పాత ఐసీ కోసం వెతకనక్కరలేదు.

ఒకటి మిడ్ పెంచేది, ఇంకొకటి బేస్‌తో నిండుగా ఉండేది. రెండూ రెండు దారులు కావాలి. ట్యూబ్ స్క్రీమర్ పక్కన దాని తమ్ముడి లాంటి ఇంకో ఓవర్‌డ్రైవ్ పెట్టుకుంటే బోర్డు మీద చోటు దండగ.

జెర్మేనియం ఫజ్ గురించి

1966లో వచ్చిన ఫజ్ ఫేస్ పెడల్ అంటే పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. రెండే ట్రాన్సిస్టర్లు, చేయడం తేలిక. పాత రేడియోల్లో దొరికే ఏసీ 128 జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేస్తే శబ్దం నిజంగానే తియ్యగా ఉంటుంది. కానీ మన ఎండల్లో దీన్ని నేను సిఫారసు చేయను. జెర్మేనియంలో లీకేజీ కరెంటు వేడితో పాటే పెరుగుతుంది, సుమారు ప్రతి 10 డిగ్రీలకి రెట్టింపవుతుంది. జనవరి రాత్రి సరిగ్గా పెట్టిన బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేసే వోల్టేజీ అమరిక), మే నెలలో గంగమ్మ జాతర టైముకి మారిపోయి గిటార్ గొంతు బొంగురుపోతుంది. పైగా ఏసీ 128 పీఎన్‌పీ రకం. మామూలు డిజైన్లో దాని గ్రౌండ్ పాజిటివ్. మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్‌కి తగిలిస్తే సప్లై షార్ట్ అవుతుంది. దానికి విడిగా బ్యాటరీయే దారి.

అదే సర్క్యూట్‌ని బీసీ 108, బీసీ 109 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేస్తే ఈ రెండు ఇబ్బందులూ ఉండవు. శబ్దం కాస్త పదునుగా ఉంటుంది, గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే మెత్తబడుతుంది. బయాస్ కోసం ఒక ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెట్టుకోండి, చెవికి నచ్చేదాకా తిప్పుకోవచ్చు.

డిలేకి పీటీ 2399

కరావోకే ఎకో బోర్డుల్లో కనబడే పీటీ 2399 ఐసీయే చేతిపని డిలేలకి ఆధారం. తైవాన్ తయారీ, ధర తక్కువ, సులభంగా దొరుకుతుంది. ఇది 5 వోల్టులతో నడుస్తుంది కాబట్టి సర్క్యూట్లో 9 వోల్టుల్ని 5కి తగ్గించే 78ఎల్ 05 రెగ్యులేటర్ ఉందో లేదో చూడండి. దాదాపు 340 మిల్లీసెకన్ల దాకా శుభ్రంగా ఉంటుంది. అది దాటితే శబ్దం మసకబారి, గరగర మొదలవుతుంది. నిమిషానికి 120 బీట్ల పాటలో అర బీట్ అంటే 250 మిల్లీసెకన్లు, హాయిగా వస్తుంది. అదే పాటలో పూర్తి బీట్ అంటే 500, అక్కడ దీనితో శుభ్రమైన శబ్దం ఆశించకండి. ఆరాధన పాటల్లో పొడవాటి స్పష్టమైన రిపీట్లు కావలసినవాళ్లు డిజిటల్ డిలే కొనుక్కోవడమే సరైన పని. మెలోడీలకి, సోలోలకి పీటీ 2399 ఇచ్చే కాస్త మెత్తటి ప్రతిధ్వని చాలా బాగుంటుంది.

మాడ్యులేషన్‌లో ట్రెమొలో (వాల్యూమ్‌ని ఊగించేది) తేలిక. ఫేజర్ (శబ్దం సుడి తిరుగుతున్నట్టు చేసేది) కావాలంటే నాలుగు ఫెట్‌లు వాడే ఫేజ్ 90 కన్నా రెండే వాడే ఫేజ్ 45 ఎంచుకోండి, ఒకేలా పనిచేసే ఫెట్‌లని కొలిచి జత చేసే శ్రమ తగ్గుతుంది. కోరస్‌కి (ఒక గిటార్ రెండిటిలా వినిపించేలా చేసేదానికి) ఎంఎన్ 3007 లాంటి ప్రత్యేక ఐసీ కావాలి కాబట్టి దాన్ని తర్వాతకి ఉంచండి. ట్యూనర్ మాత్రం కొనండి. చేసుకోవడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు.

వరుస, బఫర్

గిటార్ నుంచి మొదలుపెట్టి ఫజ్, ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, మాడ్యులేషన్, డిలే. ఈ వరుస చాలామందికి సరిపోతుంది. బూస్టర్‌ని ఓవర్‌డ్రైవ్ ముందు పెడితే చిరుగుదల పెరుగుతుంది, వెనక పెడితే వాల్యూమ్ పెరుగుతుంది. సోలో కోసమే అయితే వెనకే.

సొంతంగా చేసినవన్నీ ట్రూ బైపాస్ (ఆఫ్‌లో ఉంటే సర్క్యూట్‌ని పూర్తిగా తప్పించే రకం) అయితే, అన్నీ ఆఫ్‌లో ఉన్నప్పుడు గిటార్ పికప్ ఒక్కటే పొడవాటి కేబుల్ మొత్తాన్ని మోయాలి. మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉండే కేబుల్ పొడవు పెరిగేకొద్దీ ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) చచ్చిపోతుంది. టీఎల్ 072తో చిన్న బఫర్ (సిగ్నల్‌కి కేబుల్‌ని నడిపే బలం ఇచ్చే సర్క్యూట్) చేసి ఫజ్ తర్వాత పెట్టండి. ఫజ్ ఫేస్‌కి ముందు బఫర్ వద్దు, దాని స్వభావమే మారిపోతుంది.

కరెంటు, ఎర్త్

పెడళ్ల ప్రపంచంలో అడాప్టర్ 9 వోల్టులు, లోపలి పిన్ నెగటివ్. బజార్లో దొరికే రౌటర్, సీసీ కెమెరా అడాప్టర్లలో ఎక్కువ శాతం లోపలి పిన్ పాజిటివ్, కొన్ని 12 వోల్టులవి. పిన్ చూస్తే తేడా తెలియదు. ప్రతి అడాప్టర్‌నీ మల్టీమీటర్‌తో కొలిచి, దాని మీద ఇంక్‌తో రాసుకోండి. ప్రతి పెడల్లో సప్లై దారిలో సిరీస్‌గా ఒక 1ఎన్ 5817 డయోడ్ పెట్టండి, తిరగేసి గుచ్చినా సర్క్యూట్ కాలిపోదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 25 వోల్టులవి వాడండి.

బూస్టర్, ఓవర్‌డ్రైవ్, ఫజ్ కొన్ని మిల్లీయాంపులే తీసుకుంటాయి, వాటిని ఒకే వైరు మీద కలపవచ్చు. డిలేని మాత్రం విడి సప్లై మీద ఉంచండి. దాని ఐసీ లోపలి క్లాక్ (వేగంగా కొట్టుకునే సిగ్నల్) శబ్దం మిగతా పెడళ్లలోకి పాకి సన్నటి కూతలా వినబడుతుంది.

ఊరి స్టేజీల మీద ఇంకో సంగతి, ఇది ప్రాణానికి సంబంధించినది. కరెంటు ఎక్కడి నుంచో లాగి ఉంటారు, ఎర్త్ ఉందో లేదో తెలియదు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి. మైకు ఇంకో లైన్ నుంచి వస్తే, తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలిందంటే షాక్ కొడుతుంది. పాడబోయే ముందు మల్టీమీటర్‌ని ఏసీలో పెట్టి మైకు జాలీకీ తీగలకీ మధ్య కొలవండి. పదుల వోల్టులు చూపిస్తే సౌండ్ వాళ్లకి చెప్పి, సరిచేసేదాకా వాయించకండి. హమ్ (గుయ్‌మనే కరెంటు మోత) పోతుందని యాంప్ ఎర్త్ పిన్ పీకేయడం ఎప్పుడూ చేయకూడదు.

బాక్సులో పెట్టే ముందు

ప్లాస్టిక్ డబ్బా వద్దు, 50 హెర్ట్జ్ హమ్ నేరుగా లోపలికి వస్తుంది. అల్యూమినియం బాక్సుకి ముందు 3 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, తర్వాత పెద్దది చేయండి. ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్లు కావాలి. ఆ స్విచ్ పిన్నుల దగ్గర ఐరన్ ఎక్కువసేపు ఉంచకండి, లోపలి ప్లాస్టిక్ కరిగి స్విచ్ పట్టేస్తుంది. ఒక పిన్ పెట్టాక దాని పక్కది కాకుండా దూరంగా ఉన్నది సోల్డర్ చేస్తే వేడి ఒకేచోట చేరదు.

మూత బిగించేముందు లోపలివైపు సర్క్యూట్ డయాగ్రం మడిచి అతికించండి, పనిచేస్తున్నప్పుడు కొలిచిన వోల్టేజీలు దాని మీదే రాయండి. ప్రోగ్రాముకి వెళ్లేటప్పుడు బ్యాగులో రెండు ప్యాచ్ కేబుళ్లు, ఒక కొత్త 9 వోల్టుల బ్యాటరీ, ఒక 4558, ఒక పీటీ 2399, చిన్న స్క్రూడ్రైవర్ ఉండాలి. బేస్ మీద ఉన్న ఐసీని స్టేజీ వెనకే రెండు నిమిషాల్లో మార్చవచ్చు.