కుక్కర్ ఆవిరి దిగేలోపు ప్రార్థన: పొద్దుటి పప్పు, కుటుంబ ప్రార్థన రెండూ చెడకుండా ఎలా చేసుకోవాలి?

పొద్దున కుటుంబ ప్రార్థన కుదరడం లేదని బాధపడే చాలామంది ఇళ్లలో నేను ఒకటే చూశాను. పొయ్యి మీద కుక్కర్ ఉంటుంది. హాల్లో ఆయన బైబిల్ తెరిచి పిలుస్తుంటారు. ఈవిడ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక చెవి ప్రార్థనకి, ఒక చెవి విజిల్‌కి ఇస్తుంది. ఆమేన్ అనడం ఆలస్యం, పరిగెత్తుకెళ్లి స్పూనుతో వెయిట్ ఎత్తేస్తుంది. బుస్సున ఆవిరి, స్టవ్ నిండా పసుపు నీళ్లు, లోపల పప్పు ఇంకా పలుకు. ప్రార్థనలో ఎవరి పేరు ఎత్తారో, ఏ వాక్యం చదివారో అడిగితే ఆవిడకు గుర్తుండదు.

ఇరవై ఆరేళ్లుగా పొద్దున్నే పప్పు వండుతున్నాను, పొద్దున్నే ప్రార్థన చేస్తున్నాం. నా పద్ధతి ఒక్కటే. విజిల్స్ వస్తున్నంతసేపూ ప్రార్థన వద్దు. స్టవ్ కట్టేశాక కుక్కర్ తనంతట తాను ఆవిరి దించుకునే పది పన్నెండు నిమిషాలే ప్రార్థన సమయం. ఆ సమయం పప్పుకీ కావాలి, మనకీ కావాలి.

కావలసినవి

నలుగురికి ఒక కప్పు కందిపప్పు, మూడు కప్పుల నీళ్లు, పావు చెంచా పసుపు, చెంచా నూనె. పులుపుకి నిమ్మకాయంత చింతపండు. పోపుకి ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, వెల్లుల్లి. వెల్లుల్లి లేకుండా పప్పుకి పోపు వేయకండి. మూడు లీటర్ల కుక్కర్, ఒక చెక్క పప్పుగుత్తి, ఒక బైబిల్. అంతే.

వంటిల్లు రాత్రే సర్దుకోవాలి

పొద్దున వెతుక్కునే పని ఒక్కటి కూడా ఉండకూడదు. పోపుల పెట్టె స్టవ్‌కి కుడి పక్కన, చేయి చాపితే అందాలి. స్టవ్ పైన అరలో మాత్రం పెట్టకండి, ఆవిరి తగిలి జీలకర్ర మెత్తబడిపోతుంది. బియ్యం డబ్బా, పప్పు డబ్బా కింది అరలో పక్కపక్కనే ఉండాలి, కొలత గ్లాసు బియ్యం డబ్బాలోనే ఉండాలి. పచ్చడి జాడీలు తడి తగలని మూలకి. రాత్రి పడుకునే ముందు సింకు ఖాళీ చేయండి. రాత్రి ఎంగిలి గిన్నెలు సింకులో ఉన్న ఇంట్లో పొద్దున ప్రార్థన సాగదు. కళ్లు మూసుకున్నా అవే గుర్తొస్తుంటాయి.

బైబిల్ వంటింట్లో పెట్టకండి. అరలో పెట్టుకుంటే చేతికి అందుతుందని కొందరంటారు. ఆరు నెలల్లో నూనె జిడ్డు పట్టి పేజీలు అతుక్కుపోతాయి. వంటింట్లో ఉండాల్సింది ప్రార్థన చీటీ. జ్వరంగా ఉన్న పక్కింటి పాప, ఉద్యోగం కోసం చూస్తున్న మేనల్లుడు, పరీక్షలు రాస్తున్న పిల్లలు, ఇలా పేర్లు రాసి అర తలుపు లోపలి వైపు అతికించుకోండి. కూర తరుగుతున్నప్పుడు ఎవరైనా గుర్తొస్తే అక్కడే రాసేయొచ్చు.

ఇంకొకటి, బియ్యం డబ్బా పక్కన చిన్న డబ్బా. మా అమ్మమ్మది దోర్నకల్ వైపు. 1912లో బిషప్ అయిన అజరయ్యగారు, ఇంగ్లండు చర్చి నుంచి వచ్చిన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్, ఉన్న ఊరు. ఎసరులో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన వేయడం మా అమ్మమ్మ ఏనాడూ మానలేదు. ఆదివారం ఆ బియ్యం గుడికి వెళ్లేవి. మిజోరంలో ఆడవాళ్లు 1910లో ఇదే పని మొదలుపెట్టారు, దాన్ని వాళ్లు బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. అక్కడి సంఘానికి ఈనాటికీ ఆ పిడికెళ్లు పెద్ద ఆధారం. డబ్బు కానుకకి నెల జీతం దాకా ఆగాలి, పిడికెడు బియ్యానికి ఆగక్కర్లేదు. పైగా వండే ముందు తీస్తాం కాబట్టి, మిగిలింది ఇచ్చామన్న మాట రాదు.

పప్పు పెట్టడం

ఆరింటికి పప్పు మూడుసార్లు కడిగి నానబెట్టండి. ఇరవై నిమిషాలు చాలు. ఈలోగా అన్నం పెట్టుకోండి, కూర తరుక్కోండి, పిల్లల్ని లేపండి.

మీది బోరు నీళ్లయితే పప్పుకి మాత్రం తాగే నీళ్లు వాడండి. మా పుట్టింటి వైపు బోర్లలో సున్నం ఎక్కువ. ఎన్ని విజిల్స్ వేయించినా పప్పు గట్టిగానే ఉండేది, తప్పంతా పప్పుదే అనుకుని కొట్టువాడితో గొడవపడేవాళ్లం. నీటిలోని సున్నం పప్పును బిగబట్టేస్తుంది. చింతపండు పులుపూ అదే పని చేస్తుంది. అందుకే పులుపు ఎప్పుడూ పప్పు ఉడికాకే. ఉప్పు కూడా నేను తర్వాతే వేస్తాను, మీరూ తర్వాతే వేయండి.

నానిన పప్పు, నీళ్లు, పసుపు, నూనె కుక్కర్లో వేయండి. నూనె వేసేది రుచికి కాదు, నురుగు పొంగకుండా. పప్పూ నీళ్లూ కలిపి కుక్కర్లో సగం దాటకూడదు. మూడో వంతుకే ఉంటే ఇంకా మంచిది.

మూత పెట్టే ముందు దాన్ని ఒకసారి కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, వెయిట్ కూర్చునే గొట్టంలోంచి చూడండి. నువ్వు గింజంత వెలుతురు కనిపించాలి. కనిపించకపోతే నిన్నటి పప్పు తొక్కు అందులో ఎండిపోయి ఉంటుంది. పుల్లతో పొడిచి నీళ్లు పోసి కడగండి. ఇది రోజూ చేయాలి. రెండు క్షణాల పని.

మొదటి విజిల్ దాకా పెద్ద మంట, తర్వాత మంట తగ్గించి ఇంకో మూడు. విజిల్స్ వస్తుండగా మీరు వంటింట్లోనే ఉండండి. చాలామంది ఇక్కడే ప్రార్థన మొదలుపెట్టి దెబ్బ తింటారు. లెక్క పెట్టుకుంటూ దేవుడితో మాట్లాడలేం. రెండో విజిల్ వచ్చిందా మూడోదా అన్న అనుమానం వచ్చిన క్షణంలోనే ప్రార్థన చెదిరిపోతుంది. నాలుగోది రాగానే స్టవ్ కట్టేయండి.

అసలైన మెట్టు: వెయిట్ ముట్టుకోకుండా ఉండటం

ఇక్కడి నుంచి నెమ్మదిగా చదవండి.

విజిల్ వచ్చే వేళకి కుక్కర్ లోపల వేడి సుమారు 120 డిగ్రీలు ఉంటుంది. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. లోపల ఆవిరి అదిమి పెట్టడం వల్లే కుక్కర్లో నీళ్లు అంత వేడెక్కగలవు. మీరు స్పూనుతో వెయిట్ ఎత్తగానే ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. వందకే మరగాల్సిన నీళ్లు నూట ఇరవైలో ఉన్నాయి కదా, అందుకని పై నుంచి అడుగు దాకా అన్నీ ఒకేసారి మరుగుతాయి. పప్పు నురగ పైకి లేచి గొట్టంలోకి ఎగదన్నుతుంది. కొంత గోడల మీదకి చిమ్ముతుంది, కొంత గొట్టంలో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే ఇంకా ప్రమాదం. ఆవిరి అంతా పోయిందని మీరనుకుంటారు, లోపల ఉంటుంది.

పెళ్లైన రెండో ఏడు మా ఆయనకి బస్సు టైమైపోతోందని నేనూ వెయిట్ ఎత్తాను. పసుపు నురుగు నిలువుగా లేచి, గోడకున్న వాక్యాల క్యాలెండర్ మీద సగం, నా ముంజేతి మీద సగం పడింది. రూపాయి బిళ్లంత బొబ్బ, దాని మచ్చ ఇప్పటికీ ఉంది. అలా కాలితే పేస్టూ ఇంకూ పూయకండి. 20 నిమిషాలు కుళాయి ధార కింద పెట్టి, బొబ్బ పెద్దదైతే డాక్టరుకి చూపించండి. ఆ రోజు ఆయన బస్సు ఎలాగూ తప్పిపోయింది.

ప్రమాదం సంగతి అలా ఉంచి పప్పు సంగతి చూడండి. స్టవ్ కట్టేసినా ఆవిరి దిగుతున్న ఆ పది నిమిషాలూ పప్పు ఉడుకుతూనే ఉంటుంది. మంట లేకుండా, కదలకుండా, లోపలి వేడితోనే గింజ నడిమి దాకా మెత్తబడేది అప్పుడే. మధ్యలో వెయిట్ ఎత్తేస్తే ఆ ఉడుకు ఆగిపోతుంది. నీళ్లు వేరు, పప్పు వేరుగా తేలుతుంది. అప్పుడు ఇంకో రెండు విజిల్స్ వేయిస్తారు, అడుగంటుతుంది.

కుళాయి కింద పెట్టి మూత మీద చన్నీళ్లు పోసేవాళ్లు ఉన్నారు. అదీ వద్దు. పప్పుకి జరిగే చెడు అదే, పైగా రబ్బరు తొందరగా పాడవుతుంది. నాకు తెలిసిన ఒకావిడ ఏడాదికి మూడు రబ్బర్లు మారుస్తుంది.

అమెరికాలో ఉండే మా చిన్నాడపడుచుకి ఈ పద్ధతి చెప్తే మొదట కుదరలేదంది. వాళ్ల కరెంటు పొయ్యిలో తీగచుట్ట స్విచ్ ఆపినా చాలాసేపు ఎర్రగానే ఉంటుంది, విజిల్స్ వస్తూనే ఉన్నాయట. అలాంటి పొయ్యి అయితే ఆపగానే కుక్కర్ని పక్క పొయ్యి మీదకి జరపాలి. జరిపేటప్పుడు రెండు చేతులా పట్టుకోండి, కుదపకండి. ఇండక్షన్ స్టవ్‌కి ఈ బాధ లేదు.

ఆవిరి దిగిందని ఎలా తెలుస్తుంది? బయటి మూత కుక్కరైతే వెయిట్‌ని చెంచా కాడతో ఒక్క రవ్వ పక్కకి వంచి చూడండి. చప్పుడు లేకపోతే దిగినట్టు. బుస్సుమంటే వెంటనే వదిలేయండి. లోపలి మూత కుక్కరైతే ఆవిరి దిగాక మూత దానంతట అదే వదులై లోపలికి జారుతుంది. మూత గట్టిగా ఉంటే బలం చేసి తీయొద్దు, ఎప్పటికీ వద్దు.

ఆ పన్నెండు నిమిషాలు

స్టవ్ కట్టేయగానే చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని హాల్లోకి రండి. గరిటె వంటింట్లోనే ఉండాలి. నేల మీద చాప వేసుకుని కూర్చోండి. సోఫాలో కూర్చుంటే పిల్లలు మళ్లీ నిద్రపోతారు.

మొదట ఒక కీర్తన, పల్లవి, ఒక్క చరణం. మొత్తం పాడాలని పట్టుబట్టకండి. తర్వాత వాక్యం పిల్లలు చదవాలి, పెద్దవాళ్లు కాదు. మా ఇంట్లో 119వ కీర్తన ఇలాగే చదివాం. బైబిల్లో అన్నిటికంటే పెద్ద అధ్యాయం, 176 వచనాలు. ఒక్క రోజులో చదవమంటే ఎవరూ కూర్చోరు. కానీ అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది. రోజుకొక భాగం, రెండు నిమిషాలు, 22 రోజుల్లో అయిపోతుంది. సామెతలు 31 అధ్యాయాలు, నెల తేదీ ప్రకారం చదువుకోవచ్చు, కానీ అవి కాస్త పెద్దవి. సెలవులకి ఉంచుకోండి.

ఆ తర్వాత ప్రార్థన. చీటీలో ఉన్న పేర్లు ఒక్కొక్కరు ఒక్కోటి తీసుకుని చిన్న మాటల్లో చేయండి. పిల్లలు పాస్టరుగారిలా గ్రాంథికంలో చేయక్కర్లేదు. 'ప్రభువా, తాతయ్య మోకాలు నొప్పి తగ్గించు' అని మా చిన్నాడు చేసే ప్రార్థనకి అందరం గట్టిగా ఆమేన్ అంటాం. చివర అందరూ కలిసి యేసు నేర్పిన పరలోక ప్రార్థన. 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' అన్న చోట నేను ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. వంటింట్లో కుక్కర్ ఇంకా వెచ్చగా ఉంటుంది. నెలకి సరిపడా అని కాదు, నేడు అని అడగమన్నాడు. ఆ మాట పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చిన మనిషికి బాగా తెలుస్తుంది.

వంట చేస్తూ ఫోన్లో ప్రసంగం పెట్టుకుంటున్నాం కదా, అది చాలదా అని అడుగుతారు. వినండి, మంచిదే. కానీ అది వినడం, ప్రార్థన కాదు. రాత్రి చేసుకుంటాం అనేవాళ్లకి చెప్పేదొకటే. రాత్రి పదింటికి పిల్లలు నిద్రలో తూలుతుంటారు, నాన్న ఇంకా ఇంటికి రారు. మా పక్కిల్లు ఆర్‌సీఎం వాళ్లది, అంటే రోమన్ కాథలిక్కులది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఆరింటికి గుడి గంట కొడితే ఎక్కడున్నా ఆగి జపం చెప్పుకుంటారు. వాళ్లకి గంట ఉంది. మా ఇంట్లో కుక్కర్ చల్లారడమే గంట.

మెదపడం, పోపు

మూత తీయగానే పైన తేలిన పప్పుకట్టు ఒక గిన్నెలోకి వంచేయండి, అది చారుకి. మిగిలిన పప్పును వేడిగా ఉండగానే ఉప్పు వేసి గుత్తితో మెదపండి. మిక్సీలో వేయకండి, జిగురైపోతుంది. చింతపండు రసం పోసి రెండు నిమిషాలు ఉడకనిచ్చి, పోపు పెట్టండి. వెల్లుల్లి నలగ్గొట్టి వేయాలి, ఎర్రబడగానే పప్పులో బోర్లించి వెంటనే మూత పెట్టేయాలి. ఏడింటికల్లా బాక్సులు సర్దేయొచ్చు.

పప్పుగుత్తి కడిగి కిటికీలో ఎండకి పెట్టండి, తడిగా అరలో పడేస్తే బూజు పడుతుంది. చిన్న డబ్బాలో పిడికెడు బియ్యం వారాల తరబడి ఉంచితే పురుగు చేరొచ్చు. శనివారం రాత్రే సంచిలో పోసి చెప్పుల పక్కన, గుమ్మం దగ్గర పెట్టుకోండి. ఆదివారం హడావుడిలో తప్పకుండా మర్చిపోతారు.